చూడని రేవు

డెబ్బై ఆరులో అనుకుంటా, రేపల్లె బస్టాండులో నా పక్కనే ఒక అత్తాకోడళ్ళు చతికిలబడ్డారు. చేపలోళ్ళు. ముందు అత్త నోరు విప్పింది.

"బందరు చూశాం, నాగాయలంక చూశాం, కృష్ణ దాటొచ్చి నిజాంపట్నమూ చూశాం. మావాడి పడవ ఎక్కడా లేదు. ఇక నా కాళ్ళు రావే పిల్లా, ఇంటికి పోదాం."

"చీరాల వాడరేవు ఒక్కటీ మిగిలిందత్తా."

"అటెళ్ళాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు? ఎక్కడికని నన్ను అడగనిచ్చావా?"

"వేటకెళ్ళే మగాణ్ణి అడక్కూడదే. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను."

"గడప దాటుతూ ఆయనే చెప్పబోయాడు. అపశకునమని నువ్వే ఆయన నోరు మూశావు."

"మూశాను."

"వారానికల్లా వచ్చే మనిషి. పదిహేను రోజులైంది."

"ఏడవకు. అదిగో, చీరాల బస్సు. లే."

"కాళ్ళు రావన్నావుగా!"

"మీ మావ రానప్పుడు రెండు రేవులు చూసి, అలిసిపోయి ఇంటికెళ్ళిపోయాను. ఇరవయ్యేళ్ళయింది. ఆ మూడోది కూడా చూడాల్సిందని ఇప్పటికీ నిద్ర పట్టదే తల్లీ. చెయ్యివ్వు, నన్ను లేపు."