నూటికి నూటపన్నెండు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మూడూ పదికి వంటింటి కాటా మీద నూటపన్నెండు అని కనిపించింది చూడండి, సరిగ్గా అప్పుడే ఎక్కడో ఏదో తేడా జరిగిందని నాకు మొదటిసారి అనుమానమొచ్చింది.

ఎందుకంటే నేను కార్పెట్ మీద చల్లింది నూరు గ్రాములే. యాభై ఓట్సు, నలభై అయిదు ఇసుక, అయిదు కుక్కబొచ్చు. వాక్యూమ్ డబ్బాలోంచి బయటపడింది నూటపన్నెండు. వందమంది ఎక్కిన బస్సులోంచి నూటపన్నెండుమంది దిగితే మీరేమనుకుంటారు?

కాటా పాడైందేమో అంటారా? నేనూ అదే అనుకుని చక్కెర పొట్లం పెట్టి చూశా. బాగానే ఉంది. చల్లేటప్పుడు ఎక్కువ పోశావేమో అంటారా? మీరు నన్నెరగరు. ఒక్క ఓట్సు గింజ ఎక్కువైనా పట్టకారుతో తీసేసే రకాన్ని నేను.

అసలు నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు కోరిన్. మొన్న వేసవిలో డిగ్రీ అయింది. ఇక్కడే మిల్వాకీలో, ఇంటి సామాన్లు వాడిచూసి మంచిచెడ్డలు రాసే సైటులో మూడు నెలల ట్రయల్ మీద చేరా. ఆ మూడు నెలలూ ఈ శుక్రవారంతో సరి. నాకిచ్చిన మొదటి పెద్ద పని ఇదే: వైరు లేకుండా బ్యాటరీతో నడిచే, చీపురుకర్రలా పొడుగ్గా ఉండే వాక్యూములు అయిదు, రోజూ ఇల్లు తుడుచుకోడానికి ఏది మేలో తేల్చాలి.

నేనుండేది పై వాటా. కింది వాటాలో ఇంటావిడ జెలిన్‌స్కీ గారు. కుక్కబొచ్చు సరఫరా ఆవిడదే. వాళ్ళ కుక్క పియెరోగిని దువ్వి, సంచీ నింపి, "ఇదుగో పిల్లా, ఈ వారం పంట" అని మెట్ల మీద పెట్టి పోతారు.

మొదటి నాలుగూ బుద్ధిగా చూశా. మూడోది చల్లిన నూరు గ్రాముల్లో తొంభై మూడు పీల్చింది. కానీ బరువు, చెయ్యి లాగేస్తుంది. "నత్తకి పిడి తగిలించినట్టుంది" అని రాశా. నాలుగోది డెబ్భై దగ్గరే చతికిలబడింది.

తరవాత అయిదోదాని పెట్టె విప్పా.

ఏం చెప్పమంటారు! ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టే ఉంది. సోఫా కిందికి పిల్లిలా దూరిపోతుంది. ముందు ఒక పచ్చలైటు, అది పడ్డ చోటల్లా దుమ్ము చుక్కల్లా మెరుస్తుంది. ఆ లైటు చూశాక మనిషి మామూలుగా ఉండలేడండీ. నేలయ్యాక కర్టెన్లు, కర్టెన్లయ్యాక గది వెచ్చబెట్టే రేడియేటర్ సందులు, అవీ అయ్యాక మెట్లు. మెట్ల మీద ఉండగా జెలిన్‌స్కీ గారు తలుపు తీశారు.

"ఇందాకే కదా ఊడ్చావు?"

"ఇంకా ఉందండీ, లైటులో కనిపిస్తోంది."

"ఆ లైటు ఆర్పెయ్. కనిపించదు."

ఇంతకీ ఆ నూటపన్నెండు ఎక్కడిదంటారా? అసలు సంగతి చెప్తా, నవ్వకండి. ఒకదాని పరీక్ష అయ్యాక ఇంకోటి మొదలుపెట్టే ముందు, ఆఫీసువాళ్ళిచ్చిన పెద్ద వైరు వాక్యూముతో ఆ కార్పెట్‌ని రెండుసార్లు శుభ్రం చెయ్యాలి. డబ్బాలో ఇంకేమీ పడకుండా అయ్యేవరకూ. అది మా పనిలో మొదటి నియమం. మొదటి మూడింటి తరవాతా అలాగే చేశా. నాలుగోదాని తరవాత... అయిదోదాని పెట్టె విప్పేశా కదా, ఆగలేకపోయా. నాలుగోది వదిలేసిన ముప్ఫై గ్రాములూ కార్పెట్‌లోనే ఉండిపోయాయి. వాటి మీదే నా కొత్త నూరూ చల్లా.

సరే, తప్పు జరిగింది. కడిగి మళ్ళీ చెయ్యొచ్చు, గంట పని. చెయ్యలేదు. తొంభై ఎనిమిది అని రాసేశా. నూటపన్నెండు అంటే నవ్వుతారు, తొంభై ఎనిమిదంటే నమ్ముతారు. నూరు వెయ్యలేదు, అంతవరకూ నిజాయితీపరురాలినే.

మర్నాడు మా ఎడిటర్ లొరెయిన్ ఫోన్ చేశారు.

"మూడోదాన్ని కూడా కొట్టేసిందా ఇది? నీ కళ్ళతో చూశావా?"

"చూశానండీ."

"ఇరవయ్యేళ్ళ నుంచి చేస్తున్నవాళ్ళు కూడా ఇంత పద్ధతిగా లెక్కలు పంపరమ్మా. వచ్చే వారం శుక్రవారం ఆఫీసుకొచ్చి కాగితాల మీద సంతకం పెట్టు. ఉద్యోగం నీదే."

ఫోన్ పెట్టేసి ఆనందం పట్టలేక మెట్లు మూడుసార్లు తుడిచా.

అదే వారం జెలిన్‌స్కీ గారు కూడా అయిదోదే తెప్పించుకున్నారు. "నువ్వు చెప్పాక ఇంకేముంది పిల్లా" అని, ముప్ఫయ్యేళ్ళ నాటి తన పాత వాక్యూముని రోడ్డు పక్కన పెట్టేశారు. చెత్తబండి వాడు తీసుకుపోయాడు. ఇప్పుడు పొద్దున్నే పోల్కా డాన్సు పాట కూనిరాగం తీస్తూ వంటిల్లంతా గిర్రున తిరుగుతున్నారు. పియెరోగి ఆ పచ్చలైటు వెంట పరుగు. పై నుంచి వింటూ దొంగకి తేలు కుట్టినట్టు కూచున్నా.

ఇవాళ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక కార్పెట్ కడిగినంత పని చేసి, పద్ధతిగా నూరు గ్రాములు చల్లి, అయిదోదాన్ని మళ్ళీ నడిపా. ఎనభై ఆరు. ఇంకోసారి. ఎనభై ఆరే. సరిగ్గా అప్పుడే బొచ్చు సంచీతో జెలిన్‌స్కీ గారు పైకొచ్చి కాటాలోకి తొంగిచూశారు.

"ఎనభై ఆరా? మంచి మార్కులే. మా అబ్బాయికి జన్మలో రాలేదు. మరి నాతో తొంభై ఎనిమిదన్నావు?"

"ఇవాళ కార్పెట్‌కి ఒంట్లో బాలేదండీ" అన్నా.

డిగ్రీ చదివిన పిల్లని, ఈ మాట అన్నా. ఆవిడ "పాపం" అని కార్పెట్‌ని ఒకసారి నిమిరి వెళ్ళిపోయారు.

అంటే నత్తే గెలిచింది. నేను వెక్కిరించిన ఆ నత్త.

నా రాత రేపు పొద్దున తొమ్మిదింటికి సైటులో పెడతారు. వచ్చే వారం థ్యాంక్స్‌గివింగ్ పండగ, అందరిళ్ళకీ చుట్టాలు, అందరికీ ఇప్పుడే కొత్త వాక్యూము కావాలి. నా మాట నమ్మి కొనేస్తారు. లొరెయిన్‌కి రెండు మెయిళ్ళు టైపు చేసి ఉంచా. ఒకదాంట్లో "అంతా సరిగ్గా ఉంది, పెట్టెయ్యండి." రెండోదాంట్లో "ఆపండి, ఆ అంకె నేను కల్పించింది." మొదటిది పంపితే శుక్రవారం సంతకం. రెండోది పంపితే శుక్రవారం సామాన్లు సర్దుకోడం.

ఇంకో సిగ్గుమాలిన మాట కూడా చెప్పేస్తున్నా. ఎనభై ఆరని తేలాక కూడా నాకు అదే ఇష్టం. ఇది రాసే ముందు కూడా మంచం కింద ఒకసారి తిప్పొచ్చా.

ఏది పంపమంటారు? తొమ్మిదిలోపు చెప్పండి. "నీ మనసు చెప్పినట్టు చెయ్యి" అని మాత్రం రాయకండి. నూటపన్నెండుని తొంభై ఎనిమిది చేసింది ఆ మనసే.