వెనకటి కేసులకి వర్తించదు

ఓడల చట్టాలు మార్చడానికి దేశాల ప్రతినిధులు కూర్చున్న సభ ముగిసింది. వరండాలో కాచుకున్న, ఉద్యోగం పోయిన ఓడ కెప్టెన్ పక్కన, లాయరైన అతని చెల్లెలు వచ్చి కూర్చుంది.

"ఒప్పుకున్నారు అన్నయ్యా. మునిగిపోతున్నవాళ్ల కోసం ఓడని దారి మళ్లిస్తే, యజమాని ఆ కెప్టెన్‌ని తీసెయ్యకూడదు. సంతకం పెట్టిన దేశాలన్నిటికీ ఇదే రూలు."

"మంచిమాట చెప్పావు. మరి మొహం అలా పెట్టావేంటి?"

"వెనకటి కేసులకి వర్తించదన్నారు."

"అంటే నాకు కాదన్నమాట."

"గొంతు పోయేలా వాదించాను. నీ కేసుతోనే ఈ మాట మొదలైంది. చివరికి నీకే లేకుండా పోయింది."

"ఊరుకోమ్మా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఓడ నడిపినవాడివి, గోడౌన్‌కి కాపలా కాస్తున్నావు. కోపం రాదా నీకు?"

"ఎందుకు రాదు? సరుకు ఆలస్యమైందని నన్ను దింపేసిన రోజు వాళ్ల ఆఫీసు ముందే నిలబడి తిట్టాను. కానీ ఆ మునిగిపోతున్న పడవలోంచి పైకి లాగిన ముసలాయన, ఒడ్డు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. అది తల్చుకుంటే మళ్లీ అదే పని చేస్తాననిపిస్తుంది."

"పద, వదిన ఎదురుచూస్తుంటుంది."

"ఉండు, నీ ఫోనియ్యి. నా ఓడకి ఇప్పుడు కెప్టెన్ ఎవరనుకున్నావు? ఓడ మళ్లించిన రోజు నా పక్కన నిలబడి, 'వద్దు సార్, మన ఉద్యోగాలు పోతాయి' అని బతిమాలినతనే. పిల్లలు గలవాడు. అతనికి నేనే చెప్తాను."

"ఏమని?"

"ఇక భయపడక్కర్లేదని."