గురువారం పుట్టిన భూమి

నన్ను భూమికి తమ్ముడని నీతో ఎవరన్నారు? చేపలమ్మే డెడే అన్నదా? అనే ఉంటుంది. ఆ ఇంటివాళ్లకు మూడు తరాలుగా నోరు అదుపులో లేదు. కూర్చో, అఫువా. నా పుట్టుక గురించి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. అయితే ఊరంతా మాట్లాడిన విషయాన్ని మనవరాలి దగ్గర దాచడం కూడా బాగుండదు. దీనికంతటికీ మూలం అకోసువా న్యార్కో అనే పెద్దావిడ. నువ్వు చూడలేదు. మీ అమ్మ కూడా చూడలేదు. ఆవిడ భర్త ఒఫే మన సంఘంలో పెద్ద. చనిపోతే మిషను శ్మశానంలో, మామిడిచెట్ల వరుసకు ఇవతల పెట్టారు. ఆవిడకు మాత్రం బాప్తిస్మం లేదు. బాప్తిస్మం లేనివాళ్లకు అక్కడ చోటు లేదు. దగ్గు ముదిరి, మంచం పట్టే రోజులు దగ్గరపడ్డాక, ఒక ఆదివారం కర్ర ఊతంగా మా నాన్నగారి దగ్గరికి వచ్చింది. "పాస్టరూ, ఆ మనిషికి ఒంటరిగా పడుకునే అలవాటు లేదు. నన్ను కూడా ముంచెయ్యి" అన్నది. మా నాన్నగారు నవ్వే మనిషి కాదు. "ముంచడం కాదు నానా, ముందు పరీక్ష" అన్నారు, పెద్దావిడ కనుక నానా అని మర్యాదగానే.

పరీక్ష అంటే ప్రశ్నోత్తరాలు, సంఘం ఎదుట. అప్పటికి నేను ట్రైనింగు ముగించి కొత్తగా బడిలో టీచరుగా చేరాను, కాలరు బిగించుకుని రెండో బెంచీలో కూర్చున్నాను. ఆ కాలరు గంజి, అబ్బ, ఇప్పటికీ మెడ మీద గుర్తుంది. ఏమంటున్నాను? ఆఁ, పరీక్ష. లోకాన్ని చేసినది ఎవరు అని అడిగారు. "క్వామే" అన్నది. మనలో పుట్టిన రోజును బట్టే పేరు కదా, దేవుడు శనివారం వాడు కనుక క్వామే, ఇందులో తగాదా లేదు. మరి ఆ దేవుడు మనుషులకు ఎందుకు దూరమయ్యాడు అని అడిగారు. "పూర్వం ఆకాశం నెత్తికి తగిలేంత కింద ఉండేది. ఒక ముసలమ్మ ఫుఫు ముద్ద కోసం దుంపలు దంచుతూ రోకలి ఎత్తినప్పుడల్లా ఆయనను పొడిచేది. ఎన్నని ఓర్చుకుంటాడు? పైకి జరిగాడు." "పాపం వల్ల, నానా." "రోకలితో పొడవడం పుణ్యమా?" వెనకబెంచీలలో నవ్వు మొదలైంది. నాన్నగారు గొంతు సవరించుకుని, చిట్టా రాసేవాడిని పాపమనే రాసుకోమన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. నేల ఏ రోజున పుట్టింది అని అడిగారు. గ్రంథం ప్రకారం మూడో రోజు, ఆదివారం నుంచి లెక్కేస్తే మంగళవారం. ఆవిడ ఒప్పుకోలేదు. "నేల పేరు యా. గురువారం పుట్టకపోతే యా ఎలా అవుతుంది? గురువారం ఇప్పటికీ ఎవరూ పలుగు దించరు, మీ శ్మశానంలో కూడా." "గ్రంథంలో మంగళవారమే ఉంది, నానా." "అయితే ఆవిడ మంగళవారపు పిల్ల అబెనా అయిపోతుంది. నేను రేపో మాపో ఆవిడ ఒడిలోకి పోవాలి. గడపలోనే పరాయిదాని పేరు పెట్టి పిలిస్తే రానిస్తుందా?" సంఘం రెండు ముక్కలైంది. కోకో వ్యాపారం చేసే పెద్దమనుషులు బెంచీలెక్కి మంగళవారం అంటున్నారు, వాళ్ల భార్యలు కూర్చున్నచోటు నుంచే గురువారం అంటున్నారు. టాంబరిన్ వాయించే మనిషికి ఏ పక్షమో తోచక మధ్య మధ్య వాయిస్తున్నాడు. నాన్నగారు పుస్తకం మూసేశారు. మంగళవారం అనకపోతే బాప్తిస్మం లేదన్నారు. ఆవిడ కర్ర అందుకుని, "అయితే మా ఆయన అక్కడ, నేను ఇక్కడ" అని లేవబోయింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

అప్పుడు లేచింది మా అమ్మ. ఇంట్లో కూడా ఆయనను పాస్టరుగారూ అనే పిలిచేది. "పాస్టరుగారూ, మన పెద్దవాడికి నొప్పులు ఏ రోజు మొదలయ్యాయి?" నేను కాలరులోకి దిగిపోయాను. "మంగళవారం. తల కనిపించిందని మంత్రసాని మంగళవారమే అన్నది. బుధవారం రాత్రంతా మీరు దీపం పట్టుకుని వసారాలో నిలబడ్డారు. వీడు బయటపడినది గురువారం. మరి వీడికి యావ్ అని గురువారం పేరెందుకు పెట్టారు? గ్రంథం కూడా అదే చెబుతున్నది. మంగళవారం నేల తల కనిపించింది. చీకట్లో కాన్పు ఎవరు చేస్తారు? బుధవారం దేవుడు సూర్యుడిని, చంద్రుడిని వెలిగించాడు. గురువారం పిల్ల బయటపడింది." ముసలావిడ అయితే కర్ర నేలకేసి కొట్టి, "నా రెండోది కూడా అంతే, చంపుకు తిన్నది" అన్నది. ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. సంఘమంతా తిరిగి నా తల కొలతలు చూసింది. ఆ నవ్వులోనే నాన్నగారు నీళ్లు తెమ్మన్నారు.

వానలు మొదలయ్యాక ఆవిడ పోయింది. మామిడిచెట్ల వరుసకు ఇవతలే, ఒఫే పక్కన. ప్రార్థన అయ్యాక పెద్దలు గొడుగుల కోసం వెతుక్కుంటుంటే, నాన్నగారు గోతి అంచున వంగి, మట్టి తీసుకున్నారు. నేను వెనకే ఉన్నాను. "యా, వచ్చినది అకోసువా. నీ పేరు తప్పుగా పిలవలేదు ఈవిడ" అన్నారు, చాలా మెల్లగా, మట్టి వదులుతూ. అంతే. ఆ మాట సంఘపెద్దలకు వినిపించలేదు. నేనూ ఎవరితో...

అరటికాయ మాడుతున్న వాసన వస్తున్నది. వెళ్లి చూడు.