ఈనె తీసిన కాయితం

ఎన్నిసార్లు అడుగుతరు సారూ, కత్తెర యాడ్నుంచి తెచ్చినవని? బీడీలు చేసేదాన్ని. కత్తెర నా సంచిల గాక ఎవరి సంచిల ఉంటది?

పొడిచిన. అవును. భుజంల ఒకటి, మెడ కింద ఒకటి. మూడోసారి నెత్తురుకు చెయ్యి జారింది.

ఆశన్న డాక్టరు బతికిండని మీ పోలీసు జవానే అన్నడు గద. బతకనీయుండ్రి. నా కొడుకు మార్కండేయ లేస్తడా? నీలం పెదాలతోని ఆ డాక్టరు బల్ల మీదనే పోయిండు. ముప్పై ఏండ్లకు!

పోయినేడు వానికి గుండెపోటు వచ్చింది. హైదరాబాదుల పెద్ద డాక్టరు చూసిండు. గుండె సగం సచ్చింది, నాళాలు సన్నబడ్డయి, ఆపరేషనుకు గూడ పనికిరావన్నడు. "ఇంటికి తీస్కపో అవ్వా, మంచిగ చూసుకో" అన్నడు. ఏంది సారూ మంచిగ చూసుకునుడంటే? సచ్చేదాంక ఎదురుంగ కూసోని చూసుడేనా?

గప్పుడు దొరికింది ఆ కాయితం. ఎల్లారెడ్డి ఊర్ల బీడీ కార్ఖానాల తంబాకు పొట్లం కట్టిచ్చిన పాత పేపరు. అమెరికాల సూదితోని గుండెలకు ఏదో జన్యువు ఎక్కిస్తరట. సచ్చిన కాడ కొత్త నెత్తురు నాళాలు మొలుస్తయట. మొలుస్తయట సారూ! మడిల నారు లెక్క.

కామారెడ్డికొచ్చి ఆశన్నకు చూపిన. ఆయన బోర్డు మీద గుండె బొమ్మ ఉన్నది గద. "ఆ మందు నాకు బొంబాయి నుంచి వస్తది చెల్లె" అన్నడు.

ఇంటికొచ్చి చెప్తే మార్కండేయ నవ్విండు. "జరానికి మందియ్యరాదు వానికి, గుండెకిస్తడా? పిచ్చి లేసిందానే అమ్మా?" అన్నడు. కాయితం చేతిల పెట్టిన. రెండుసార్లు సదివిండు. "నిజంగనే రాసిన్రే" అన్నడు.

గంతే. పొద్దుగాల బస్సెక్కినం.

ఆశన్న దవాఖాన బయట బీడీల తునికాకు కత్తిరించుకుంట కూసున్న. సాయంత్రానికి వెయ్యి బీడీలు అప్పజెప్పాలె మరి. లోపలికి పిలిచిన్రు. "చేతులు గట్టిగ పట్టుకో" అన్నడు ఆశన్న. పట్టుకున్న.

జానెడు సూది. రొమ్ముల దింపిండు. కొడుకు బల్ల మీదికెల్లి ఎగిరిండు. వాని గోర్లు నా చేతుల దిగినయి. ఇగో, చూడుండ్రి. అయినా వదల్లే. జర ఓర్చుకో బిడ్డా అన్న.

ఓర్చుకున్నడు.

"ఒక్కొక్కనికి పడది" అన్నడు ఆశన్న, చేతులు తుడుసుకుంట.

గప్పుడు పొడిచిన.

రాసుకున్నరా? ఆగుండ్రి. కలం మూయకుండ్రి.

తునికాకు ఎట్ల కత్తిరిస్తరో ఎరికేనా సారూ? తొడిమె తీసేస్తం. ఈనె తీసేస్తం. పనికొచ్చే ముక్కనే ఉంచుతం. పదేండ్ల పిల్లప్పటి సంది నాకదే పని.

ఆ కాయితాన్ని గూడ గట్లనే కత్తిరించిన.

కింద ఇంకో నాలుగు వరుసలుండె. ఇది ఇంకా పరీక్షలల్లనే ఉన్నది, రోగులకు అందేతందుకు ఏండ్లు పడతది అని. ఆశన్నకు చూపకముందే, కొడుకుకు ఇయ్యకముందే తీసేసిన. అవి సదివితే వాడు బస్సెక్కునా?

తెల్వక గాదు సారూ. సదివిన. సదివే కోసిన. ఆ ముక్క ఆకు చెత్తతోని పొయ్యిల కాలింది.

తెండ్రి, మీరు రాసిన కాయితం. సిరా డబ్బీ ఎందుకు? వేలిముద్ర అక్కెర లేదు.

సంతకం పెడత. నాకు సదువొస్తది.