సన్నాసిరావు సెట్ చేసిన మోటారు

సన్నాసిరావని ఒకడున్నాడంట. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ వాడు బాగుచెయ్యలేని మిషనే లేదంట. ఎవరన్నారంటే, వాడే అన్నాడనుకో. వాళ్ళింట్లో ఫ్యాను మట్టుకు తిరగదు, వాళ్ళావిడ తాటాకు విసనకర్రతో విసురుకుంటా ఉంటాది, అది వేరే సంగతి. వీడు విశాఖపట్నంలో ఏదో షెడ్డులో కొన్నాళ్ళు పనిచేసి ఊరికొచ్చాడు. వస్తా వస్తా ఏం తెచ్చాడు? బోల్టులు విప్పే పానాలు తెచ్చాడా, లేదు. కొత్త చొక్కా తెచ్చాడా, లేదు. ఒక్క ఇంగ్లీషు ముక్క తెచ్చాడు: "సెట్ చేసేద్దాం!" సైకిలు చైను ఊడిందిరా అంటే సెట్ చేసేద్దాం. పాలు తోడుకోలేదురా అంటే అదే సెట్టయిపోద్ది. గట్టు కాడ అన్నదమ్ములు కొట్టుకుంటే నాను సెట్ చేస్తాను. గున్నమ్మ కూతురికి సంబంధం కావాలా, సెట్. ఆఖరికి మేక చచ్చిపోయిందిరా అని సూరిగాడు ఏడిస్తే, భుజం తట్టి "సెట్ చేసేద్దాం బావా" అన్నాడంట! నవ్వుతారేటర్రా, ఆ సూరిగాడు నమ్మీసి, సాయంత్రం దాకా మేకని పాతిపెట్టకుండా కాపలా కూకున్నాడు.

అయితే ఏమైందంటే, అప్పలనరసమ్మని ఒకావిడ మిరపనారు పోసుకుంది. పోసుకుందా, సరిగ్గా అప్పుడే బావిలో మోటారు ఆగిపోయింది. ఎండ చూస్తే మాడ్చేస్తంది. నారు పోయిందా, ఆ ఏడు తోట లేనట్టే. సన్నాసిరావు కాడికెళ్ళింది. "రేపు సెట్ చేస్తానత్తా" అన్నాడు. రేపొచ్చింది, వాడు రాలేదు. మళ్ళీ ఎళ్ళింది. "అయ్యో, సెట్ చేస్తానన్నాను కదత్తా!" మళ్ళీ రాలేదు. నారు తలలు వాల్చేసింది. అప్పుడావిడ ఏం చేసిందనుకున్నారు? ఏడ్చిందా? తిట్టిందా? వాడిపోయిన నారు గుప్పెడు పీకి, వాడి గుమ్మంలో పెట్టి, పక్కనే చీపురు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూకుంది. "ఒరే, ఆ మాట లేకుండా చెప్పు. నా మోటారుని ఏటి చేస్తావు?" "అదేనత్తా, సె..." చీపురు లేచింది. "తెలుగులో చెప్పరా!" వాడు నోరు తెరుస్తాడు, మూస్తాడు, తెరుస్తాడు, మూస్తాడు, గట్టున పడ్డ చేపనుకో. వీధంతా పోగయింది. "చెప్పు బావా, చెప్పు" అని అందరికంటే ముందు సూరిగాడే. ఆఖరికి గొంతు సవరించుకుని, "బోల్టులు విప్పుతాను" అన్నాడు. "తరవాత?" "చెత్త తీస్తాను." "తరవాత?" "వాషరు మార్చి బిగిస్తాను." "ఇదంతా ఎక్కడ?" "బావిలో దిగి..." అంటానే గుమ్మం లోపలికి రెండడుగులు వెనక్కేశాడు. "అన్నావు కదా, నడు!" అని రెక్క పట్టుకుని, సామాను సంచీతో సహా లాక్కుపోయింది.

మోటారు బావి లోపల, నీళ్ళకి జానెడు పైన రాతిగట్టు మీద ఉంది. వాడు లోపలికి తొంగిచూశాడు. "తాడు పాతదిలా ఉందత్తా" అన్నాడు. కొత్తదే. "కడుపులో నొప్పత్తా" అన్నాడు. ఆవిడ వాడికేసి చూసింది, నారుమడికేసి చూసింది. "సరే, నువ్వు చెప్పు, నేను చేస్తాను" అని కోక దోపుకుని తానే దిగిపోయింది! వాడు కరెంటు ఫీజు పీకొచ్చి, బావి గట్టు మీద బోర్లాపడి, "విప్పత్తా! చెత్త తియ్యత్తా! వాషరు తిరగేసి కాదత్తా, అలగ కాదు, ఆఁ, బిగించు! పైపులో నీళ్ళు పొయ్యి!" అని ఒకటే కేక. ఆవిడ చేతులు చీరుకుపోయినా వదల్లేదు. పైకొచ్చి ఫీజు పెట్టించింది. మోటారు ఒకసారి దగ్గి, నీళ్ళు కక్కింది. నారుమడి తడిసింది.

అప్పుడు బురదచేతుల్తోనే నిలదీసింది. "పని నీకొచ్చు కదరా. మరెందుకు దిగలేదు?" "అది సె..." అనబోయి, తలొంచుకుని, "బావిలో కప్పలుంటాయత్తా. నాకు కప్పలంటే బయ్యం" అన్నాడంట. మీసమున్న మగాడు!

అందుకే మా వైపు ఇప్పటికీ ఎవడైనా "సెట్ చేస్తాను" అన్నాడో, ఆడోళ్ళు ముందు అడిగేది ఒకటే: "కప్పలున్నాయేటి నాయనా?"