పోయిన జనవరి గ్యాస్

ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఫిబ్రవరి మొదటి ఆదివారం పొద్దున. అమరేందర్ వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. అతని భార్య అక్షర బల్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో గ్యాస్ లెక్క చూస్తోంది. ఇంటినీ నీళ్లనూ గ్యాస్‌తో వేడిచేసే బాయిలర్, ఏడాది కిందట మార్చినది, గోడ మీద సన్నగా రొద పెడుతోంది.

"డబులంటే డబులే, అమర్. పోయినేడు జనవరిల పాత బాయిలర్ కాల్చింది గింతే. ఈ జనవరిల కొత్తది దానికి డబులు తాగింది. నువ్వే చూడు."

"చూసిన."

"చూడలే. ఉల్లిగడ్డ దిక్కు చూస్తున్నవ్."

"చేతుల కత్తి ఉంది కదా. ఈయేడు చలెక్కువ, అంతే."

"ఎక్కువెక్కడిది? మంచు పడ్డది పోయినేడు. ఈయేడు నేను కోటు లేకుంట షాపుకు పోయొస్తున్న."

"కొత్త బాయిలర్ కదా. అలవాటు పడాలె."

"దేనికి?"

"మన ఇంటికి."

"కొత్త కోడలా అది, అలవాటు పడనీకి?"

"అది కాదు, పైపులు పాతయి, రూములు కాచే రేడియేటర్లు పాతయి. వాటితోని కుదరాలె అంటున్న."

"ఏడాదైనా కుదరలేదంటే పెట్టినాయన తప్పుగ పెట్టిండు. సాంబశివరావు అంకుల్‌కు ఫోన్ చేస్త."

"ఆయనకెందుకు? పాపం, మంచిగ పెట్టిండు."

"'సగం గ్యాస్ మిగులుద్దమ్మా' అన్నడు. ఆ మాట మీదనే పాతది పీకిచ్చినం. ఇప్పుడు దీన్ని గూడ పీక్కపొమ్మంట."

"వద్దు. ఫోన్ కింద పెట్టు."

"మరి నువ్వు చెప్పు. ఎందుకు డబులైంది?"

"పోయినేడు నువ్వు లేవు కదా. అలిగి నార్తాంప్టన్ల మీ అక్కవాళ్లింటికి పోతివి. నెలంత నేనొక్కణ్నే. ఒక్క మనిషికి ఎంత గ్యాస్ కావాలె?"

"లోపల ఎంతమంది ఉన్నరో గోడలకేం తెలుసు? ఇల్లంత కాగాలె కదా."

"ఇల్లంత ఎందుకు? ఒక్క రూముల్నే ఉన్న. మిగతాయి బందు పెట్టిన."

"ఏ రూము?"

"ముందు రూము. కాదు, పై రూము."

"ముందుదా, పైదా?"

"పొద్దున ముందుది. సాయంత్రం పైది."

"అవి రెండు రూములు."

"ఒక్కసారికి ఒక్కటే కదా."

"మరి స్నానం? నువ్వు షవర్ కింద నిలవడితె ఇంట్ల అద్దాలన్నిటికి ఆవిరి పడుతది. ఆ నీళ్లు గ్యాస్‌తోనే కదా కాగేది."

"చెయ్యలే."

"ఏం చెయ్యలే?"

"స్నానం."

"నెలంత?"

"అప్పుడప్పుడు చేసిన. చన్నీళ్లతోని."

"మంచు పడ్డ జనవరిల."

"ఆరోగ్యానికి మంచిదంటరు."

"స్టవ్ గూడ గ్యాసే. వంట?"

"వండలే."

"ఏం తిన్నవ్ మరి?"

"బ్రెడ్డు. టేకవే. మళ్ల బ్రెడ్డు."

"అంటే స్నానం లేకుంట, వంట లేకుంట, పొద్దున ఒక రూముల, సాయంత్రం ఒక రూముల, బ్రెడ్డు తినుకుంట కూసున్నవ్."

"కోటేసుకొని."

"కోటేసుకొని. నేను వేడి పెంచకుంట థర్మోస్టాట్ మీద డబ్బా పెట్టి నువ్వు తాళమేసినవనే కదా నేను పోయింది. నేను పోయినంక గూడ తాళం తియ్యలేదా?"

"తియ్యబుద్ధి కాలే."

"ఎందుకు కాలే?"

"అక్షరా, ఉల్లిగడ్డ ఇంకోటి కోయనా?"

"నాలుగు కోసినవ్. ఇద్దరమే ఉన్నం. నేను సాంబశివరావు అంకుల్‌కే చేస్తున్న. ఇగో, రింగవుతున్నది."

"కట్ చెయ్."

"ఎత్తుతున్నట్టుండు."

"కట్ చెయ్, నీకు దండం పెడ్త. ఆయన తప్పు లేదు, బాయిలర్ తప్పు లేదు. నేను చెప్త."

"కట్ చేసిన. చెప్పు."

"ఇంట్ల నేను లేను."

"ఎప్పుడు?"

"పోయినేడు. జనవరిల. నువ్వు పోయిన తెల్లారే నేను గూడ పోయిన."

"ఎక్కడికి?"

"నార్తాంప్టన్."

"నార్తాంప్టన్ల ఎక్కడ?"

"మీ అక్కవాళ్ల వెనక వీధిల. రూము కిరాయికి తీసుకున్న. ల్యాప్‌టాప్ పట్టుకపోయి ఆఫీసు పని అక్కడ్నుంచే చేసిన."

"ఎందుకు?"

"నిన్ను తోల్కొద్దామని. రోజూ సాయంత్రం మీ అక్కవాళ్ల గేటు దాక వచ్చేటోణ్ని. బెల్లు కొట్టనీకి చెయ్యి రాకపోయేది. నువ్వు నా మొహం మీదనే తలుపేస్తవని. పై రూముల లైటు చూసి, ఉన్నది, మంచిగనే ఉన్నది అనుకొని మర్లిపోయేటోణ్ని."

"ఫోన్ చెయ్యొచ్చు కదా."

"నువ్వు చేస్తవేమో అని చూసిన. ఆఖరుకు నేనే ధైర్యం చేసి మెసేజ్ పెట్టిన, రేపొచ్చి తోల్కపోత అని. నువ్వు సరే అన్నవ్. ఇంటి నుంచే వచ్చిన అనుకున్నవ్. నెలంత ఆడనే తిరిగిన అంటే నవ్వుతవని చెప్పలే. ఇప్పుడు నవ్వు. నవ్వుతలేవేంది?"

"ఇంట్ల ఎవరూ లేకుంటె ఆ మాత్రం గ్యాస్ గూడ ఎట్ల కాలింది?"

"పైపులు గడ్డకట్టకుంట బాయిలర్ దానంతటదే అంటుకుంటదట. అదే అయ్యుంటది."

"అది కాదు. ఆ గ్యాస్ కాల్చింది నేను."

"నువ్వా? నువ్వు నార్తాంప్టన్ల ఉంటివి కదా. పై రూముల లైటు..."

"పై రూముల ఉండేది అక్కవాళ్ల అత్తమ్మ. నువ్వెక్కడికి పోయినవో ఏడాది సంది అడుగుదామంటే నాకు నోరు రాలే, అందుకే ఇయ్యాల గ్యాస్ గురించి అడిగిన. నేను వారం తిరగకముందే ఈ ఇంటికి వచ్చి, నువ్వొస్తవని నెలంత ఇక్కడ్నే కూసున్న, అమర్; నీ మెసేజ్ చూసినంక ఉరికి రైలెక్కి, నువ్వు బెల్లు కొట్టేటాళ్లకు అక్కవాళ్లింట్ల ఉన్న."