పదకొండు బారల తాడు

రేగుదిబ్బ మీద పాడుబడ్డ బావి ఉందే, దాని పక్కన మీరెవరూ గొర్రెను కూడా మేపరు కదా, ఎందుకో చెప్పండి చూద్దాం? దెయ్యం ఉందంటారు. ఆ దెయ్యం పేరేమిటంటే మాత్రం అందరూ నేలచూపులు చూస్తారు. దాని పేరు గురవయ్య. మన తిరుపాలమ్మ పెనిమిటి, బావుల్లో పూడిక తీసేవాడు.

పూడిక తీసేటప్పుడు లోపలివాడి కేక పైకి సరిగా వినపడదు, అందుకని తాడుతోనే మాట్లాడుకుంటారు. ఒకసారి గుంజితే తట్ట దించమని, రెండుసార్లు గుంజితే మట్టి లాగమని, మూడుసార్లు గుంజితే నన్ను పైకి తియ్యమని. ఆ బావి లోతు పదకొండు బారలు. ఆరోజు మరిది ఓబులేసు మట్టి పారబొయ్యడానికి అవతలికి వెళ్ళాడు, తాడు తిరుపాలమ్మ చేతిలో ఉంది, అప్పుడు లోపలినుంచి గురవయ్య మూడుసార్లు గుంజాడు. ఆమె లాగుతోంది, ఆయన గోడ రాళ్ళకు కాళ్ళు తన్నిపెట్టి ఎక్కుతున్నాడు, ఏడు బారలు చేతికొచ్చాయి, ఇంకా నాలుగే ఉన్నాయి, సరిగ్గా అప్పుడే ఆమె కాళ్ళకింద గట్టు బీటలిచ్చింది. భయమేసింది. తాడు వదిలేసి వెనక్కి దూకింది, ఆ వెంటనే ఆ పక్క గోడ లోపలికి జారిపోయింది.

తాడు తెగిందని చెప్పింది. కాదనేదెవరు? తాడూ ఆయనతోపాటే మట్టికిందికి పోయింది. దిగి శవాన్ని తీసే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. పదకొండో రోజు దాటగానే తిరుపాలమ్మ కలుపుకి పోయింది. ఏడవలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా ఆమెకు తెలిసేది కాదు, పొయ్యిమీద చెయ్యి కాలినా చూసుకునేది కాదు. అలా తొమ్మిదేళ్ళు.

ఈలోగా బావిలో నీళ్ళు ఊరాయి, ఎండాకాలం గొడ్లకైనా పనికొస్తాయని జనం చేద వేశారు, వేసినవాళ్ళందరికీ అదే జరిగింది, లోపలినుంచి మూడుసార్లు గుంజడం. నవ్వకురా రాయలప్పా, మీ నాయన వదిలేసి పరిగెత్తిన చేద ఇప్పటికీ అందులోనే ఉంది.

చివరికి పెద్దలు కూర్చుని, సోమవారం బావి పూడ్చేద్దామన్నారు. పీడ వదులుతుంది వదినా అని ఓబులేసు వచ్చి చెప్పాడు. ఎన్ని ట్రాక్టర్ల మట్టి పడుతుందని ఆమె అడిగింది. నలభై అన్నాడు. నలభై ట్రాక్టర్లా, ఆయన మీదా అని ఆమె చేటలో బియ్యం అలాగే వదిలేసింది. పూడ్చేస్తే ఇంక ఆయన్ని పైకి తీసేదెవరు?

ఆదివారం మిట్టమధ్యాహ్నం పదకొండు బారల తాడూ చేదా పట్టుకుని రేగుదిబ్బ ఎక్కింది. ఓబులేసు తంగేడు పొద దాకా వచ్చి ఆగిపోయాడు.

"భయం లేదా వదినా?"

"ఉంది."

"మరెందుకొచ్చావు?"

"తొమ్మిదేళ్ళు చూశానయ్యా, పోతుందేమోనని. పోలేదు. దాన్నీ వెంటబెట్టుకునే వచ్చా."

చేద దించింది. నీళ్ళు తగిలాయి, చేద మునిగి తాడు చివరిదాకా దిగింది. ఒకటి, రెండు, మూడు, లోపలినుంచి గుంజాడు. తాడు మనిషంత బరువెక్కింది. లాగింది. ఒక బార, రెండు బారలు, లెక్క పైకే అంటోంది, ఓబులేసుకి వినపడుతోంది. ఏడో బార దగ్గర గట్టు మళ్ళీ బీటలిచ్చింది, మట్టి జలజలా రాలింది, ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి. అప్పుడేం చేసిందో తెలుసా? కూర్చుంది. కాళ్ళు పరిగెత్తకుండా నేలమీద చతికిలబడి, మడమలు గట్టు రాయికి తన్నిపెట్టి, ఎనిమిది అంది. తొమ్మిది. పది.

పదకొండు అనేసరికి గట్టు రాయి మీద తడి బురద చెయ్యి ఒకటి పడింది. ఐదు వేళ్ళూ కనిపించాయి. అంతే, తాడు తేలికైపోయింది, చేద ఖాళీగా వచ్చి ఆమె ఒళ్ళో పడింది, రాయి మీద చెయ్యి ముద్ర మాత్రం ఎండలో మెల్లగా ఆరుతోంది.

ఓబులేసు దగ్గరికొచ్చాడు. ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది, తోలు లేచిపోయి ఉంది.

"చేతులు మండుతున్నాయి ఓబులేసూ" అంది, అదేదో కొత్త విషయమైనట్టు. చేతులు అలాగే చాపి, "తాడు తెగలేదయ్యా. నేనే వదిలేశా" అంది.

ఓబులేసు తువ్వాలు చింపి ఆమె చేతులకు కట్టాడు.

సోమవారం ట్రాక్టరు వచ్చింది, ముందు చక్రం కింద గట్టు కుంగింది, డ్రైవరు వెనక్కి తిప్పుకుని పోయినవాడు మళ్ళీ రాలేదు. అందుకే అది ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు అందులో చేద వేస్తే ఎవరూ గుంజరు. అయినా అటు పోకండి. గట్టు వదులుగానే ఉంది, పడ్డారంటే ఎన్నిసార్లు గుంజినా లాభం లేదు, పైన తాడు పట్టుకోవడానికి తిరుపాలమ్మ ఇప్పుడు లేదు.